మొదటి ఎయిర్‌సాఫ్ట్ గన్ కొంటున్నారా? గన్ వంతు ఆఖరున

మీరు అడిగింది ఇదీ: ఎయిర్‌సాఫ్ట్, అంటే చిన్న ప్లాస్టిక్ గుళ్లు పేల్చే గన్‌లతో జట్లుగా ఆడే ఆట, అద్దె గన్‌తో రెండుసార్లు ఆడారు, బాగా నచ్చింది. ఇప్పుడు సొంతది కొనాలి. మనసు స్నైపర్ రైఫిల్ మీద ఉంది, పైగా తెలిసినవాళ్లు ఒకరు తమ పాత స్నైపర్‌ను తక్కువకే ఇస్తామంటున్నారు. గన్‌తో పాటు ఇంకేం కొనాలి, ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు?

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. చేతిలో ఉన్న డబ్బులో మొదటి వాటా గాగుల్స్‌కి, మాస్క్‌కి, బూట్లకి. రెండో వాటా మంచి బీబీలకి (గన్‌లోంచి వచ్చే ఆ ప్లాస్టిక్ గుళ్లు), బ్యాటరీకి, సరైన చార్జర్‌కి. మిగిలిన దానితో ఒక మామూలు ఎలక్ట్రిక్ రైఫిల్. స్నైపర్ ఇప్పుడే వద్దు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఉన్నదంతా గన్ మీద పోసి, ఆఖర్న చేతికందిన చవక కళ్లద్దాలు పెట్టుకుని మైదానానికి వస్తారు. అలాంటివాళ్లను నిర్వాహకులు గేటు దగ్గరే ఆపేస్తే కోపం తెచ్చుకుంటారు.

కొనే ముందు రెండు విషయాలు కనుక్కోండి. మొదటిది, మీరుండే చోట చట్టం ఏమంటుందో. దేశానికో పద్ధతి. జపాన్‌లో 6 మి.మీ. బీబీలు పేల్చే గన్‌కి పరిమితి సుమారు 0.98 జౌల్ (జౌల్ అంటే బీబీ శక్తికి కొలత). బ్రిటన్‌లో ఆటోమేటిక్‌గా పేలేవాటికి 1.3, ఒక్కొక్కటిగా పేలేవాటికి 2.5 జౌల్. అమెరికాలో గొట్టం కొస నారింజ రంగులో ఉండాలి. కొన్ని చోట్ల దిగుమతికే అనుమతి కావాలి, వయసు పరిమితి ఉంటుంది. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేశాక కస్టమ్స్‌లో ఇరుక్కుంటే గన్ పోతుంది, డబ్బూ పోతుంది.

రెండోది, మీరు ఆడబోయే మైదానం పరిమితి ఎంతో. ఇది గన్ ఎంపికనే మార్చేస్తుంది. అందరూ ఎఫ్‌పీఎస్‌లో మాట్లాడతారు, అంటే బీబీ సెకనుకు ఎన్ని అడుగుల వేగంతో బయటికి వస్తుందో ఆ లెక్క. మామూలుగా దాన్ని 0.20 గ్రాముల బీబీతో కొలుస్తారు. 328 ఎఫ్‌పీఎస్ అంటే 1 జౌల్, 350 అంటే సుమారు 1.14, 400 అంటే సుమారు 1.49. 350 నుంచి 400కి పెరిగింది చిన్న తేడాలాగే కనిపిస్తుంది గానీ తగిలే శక్తి దాదాపు మూడో వంతు ఎక్కువ. అందుకే గదుల్లో, ఇరుకు చోట్ల ఆడే మైదానాలు తక్కువ పరిమితి పెడతాయి. మీరు ఇండోర్‌లోనూ బయటా ఆడాలనుకుంటే, గేర్‌బాక్స్ (లోపల గేర్లు, స్ప్రింగ్ ఉండే పెట్టె) విప్పకుండానే స్ప్రింగ్ మార్చుకునే వీలున్న గన్ చూడండి. పరిమితి దాటిన గన్‌ని ఆ రోజంతా సంచిలోనే ఉంచాల్సి వస్తుంది.

ఇక కళ్ల సంగతి. దీని మీద ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ ఆటలో పోతే తిరిగి రానిది ఇదొక్కటే. చర్మం మీద తగిలితే ఎర్రటి మచ్చ పడుతుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. కంటికి తగిలితే అంతే సంగతులు.

"సేఫ్టీ గ్లాసెస్" అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు. యూరప్ ప్రమాణం ఈఎన్ 166లో లెన్స్ మీద ఒక అక్షరం ఉంటుంది. ఎఫ్ అంటే 6 మి.మీ. ఉక్కు గుండును సెకనుకు 45 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షించినది. బీ అంటే అదే గుండును 120 మీటర్ల వేగంతో కొట్టినది. ఆ గుండు బరువు 0.86 గ్రాములు. లెక్క కడితే ఎఫ్ పరీక్షలో శక్తి సుమారు 0.87 జౌల్, బీలో 6 జౌల్ పైమాటే. మీ మైదానంలో అందరూ 350 ఎఫ్‌పీఎస్ గన్‌లే వాడుతున్నా దగ్గర నుంచి తగిలేది 1 జౌల్ పైన. ఉక్కు వేరు, ప్లాస్టిక్ వేరు, నిజమే. అయినా కంటి విషయంలో నేను ఆ తేడాను నమ్ముకోను. బీ గుర్తున్న గాగుల్స్ తీసుకోండి. మామూలు కళ్లజోడు ఆకారంలో ఉన్నవాటికి ఈ బీ గుర్తు రాదు, చుట్టూ మూసుకుని ఉండే గాగుల్స్‌కే వస్తుంది. అమెరికా ప్రమాణమైతే ఏఎన్ఎస్ఐ జెడ్87 పక్కన ప్లస్ గుర్తు ఉందో లేదో చూడండి. ఆ ప్లస్ ఉంటేనే గట్టి దెబ్బకు పరీక్షించినట్టు.

చుట్టూ మూసి ఉండడం కూడా అంతే ముఖ్యం. బీబీ గోడకు తగిలి తిరిగి వస్తుంది, పక్క నుంచి వస్తుంది, మీరు పడుకుని ఉంటే కింద నుంచీ వస్తుంది. గాగుల్స్ పెట్టుకుని తల గట్టిగా ఊపండి, చూపుడు వేలు అంచు కిందకి దూరుతుందేమో చూడండి. దూరితే బీబీ కూడా దూరుతుంది.

ఇనుప జాలీ గాగుల్స్ గురించి ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. ఆవిరి పట్టదు, చవక, తేలిక. అన్నీ నిజమే. కానీ నాసిరకం బీబీ గట్టి చోట తగిలి పగిలితే ఆ ముక్కలు జాలీ సందుల్లోంచి లోపలికి రాగలవు. అందుకే కళ్లకు జాలీ వద్దంటాను. ముక్కు, నోరు, దవడ కప్పే కింది సగానికి మాత్రం జాలీ మాస్క్ భేషుగ్గా ఉంటుంది, ఊపిరి బాగా ఆడుతుంది. ఆ సగం మానేయాలని అనిపిస్తుంది, గన్‌కి చెంప ఆనించడానికి అడ్డొస్తుంది కాబట్టి. ముందు పన్ను విరిగితే అయ్యే ఖర్చు ఈ మాస్క్ ధరకు ఎన్ని రెట్లో మీరే ఊహించుకోండి. చెంప దగ్గర గుడ్డతోనో మెత్తటి రబ్బరుతోనో ఉండే రకాలు దొరుకుతాయి, గురి చూడడానికి ఇబ్బంది ఉండదు.

ఆవిరి పట్టడం అసలు శత్రువు. నాలుగు అడుగులు పరిగెత్తగానే లెన్స్ మసకబారితే చెయ్యి దానంతట అదే గాగుల్స్ ఎత్తడానికి వెళ్తుంది, మైదానంలో జరగకూడని పని అదొక్కటే. రెండు పొరల థర్మల్ లెన్స్ ఉన్నది కొంచెం ధర ఎక్కువైనా తీసుకోండి. మామూలు లెన్స్ అయితే యాంటీ ఫాగ్ ద్రవం ప్రతి ఆటకు ముందూ రాయాలి. మీకు చూపు అద్దాలు ఉంటే వాటి మీద పట్టేంత లోతైన గాగుల్స్ అడగండి, లేదా లోపల నంబరు అద్దాలు బిగించుకునే రకం చూడండి. ఒక చిన్న ఫ్యాన్ ఉన్నవీ వస్తాయి, మరీ చెమట పట్టేవాళ్లకు అవి వరం.

ఇప్పుడు గన్. మార్కెట్లో ఉన్నవి స్థూలంగా మూడు తరహాలు: చేత్తో లాగి పేల్చే స్ప్రింగ్ గన్, గ్యాస్‌తో నడిచేది, బ్యాటరీతో నడిచేది. పెద్ద గాలి సిలిండర్ నడుముకు కట్టుకుని గొట్టంతో కలిపే హెచ్‌పీఏ అనేది ఇంకొకటి ఉంది, అది మీకు ఇప్పుడు అక్కర్లేదు.

గ్యాస్ గన్ చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. స్లైడ్ వెనక్కి కొడుతుంది, చప్పుడు బాగుంటుంది. కానీ గ్యాస్ ఆవిరయ్యే కొద్దీ మ్యాగజైన్ చల్లబడుతుంది, చల్లబడే కొద్దీ ఒత్తిడి పడిపోతుంది. చలికాలంలో, లేదా గబగబా వరుసగా పేల్చినప్పుడు చివరి బీబీలు కాళ్ల ముందే రాలతాయి. ఒక్కో మ్యాగజైన్ బరువు, ధర, రెండూ ఎక్కువ. సీలు పాడైతే లీకు. సరదాగా రెండో గన్‌గా ఒక గ్యాస్ పిస్టల్ బాగుంటుంది. ఒక్క హెచ్చరిక: గ్రీన్ గ్యాస్‌కి (ఈ గన్‌లలో మామూలుగా వాడే గ్యాస్) చేసిన గన్‌లో సీఓ2 వాడే ప్రయత్నం చేయకండి, దాని ఒత్తిడి చాలా ఎక్కువ.

స్ప్రింగ్ షాట్‌గన్‌లు చవక, బ్యాటరీ గొడవ లేదు, ఇరుకు గదుల్లో మంచి సరదా. బయట మైదానంలో మాత్రం మీరు ఒకసారి లాగే లోపు అవతలివాడు పది పంపిస్తాడు.

అందుకే మొదటి గన్‌గా ఏఈజీ, అంటే బ్యాటరీతో మోటార్ తిరిగి, గేర్లు పిస్టన్‌ను వెనక్కి లాగి, స్ప్రింగ్ దాన్ని ముందుకు తోసి, ఆ గాలితో బీబీని పంపే రకం. 1991లో టోక్యో మారుయి అనే జపాన్ కంపెనీ చేసిన ఫమాస్ మోడల్‌తో మొదలైన పద్ధతి ఇది. తర్వాత వచ్చిన చాలా కంపెనీలు ఆ కంపెనీ గేర్‌బాక్స్ కొలతలనే అనుసరించాయి. మీకు దీనివల్ల లాభం ఏమిటంటే, ఎం4 రైఫిల్ నమూనాలో ఉండే వెర్షన్ 2 గేర్‌బాక్స్‌కి గానీ ఏకే రైఫిల్ నమూనాలో ఉండే వెర్షన్ 3కి గానీ విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, రిపేరు తెలిసినవాళ్లూ దొరుకుతారు. చూడగానే ముచ్చటేసే అరుదైన మోడల్ కొంటే, ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క విరిగినా దాని కోసం నెలలు కాచుకోవాలి.

ఎం4 తీసుకోవాలా, ఏకే తీసుకోవాలా అని కొట్టుకోవద్దు. ఎం4లో మ్యాగజైన్లు అందరి దగ్గరా ఉంటాయి, మీవి ఖాళీ అయితే పక్కవాళ్లని అడిగి తీసుకోవచ్చు. వెనక బట్ పొడవు తగ్గించి పెంచుకోవచ్చు. కొత్తవాళ్లకు నేను దానికే ఓటేస్తాను. జీ అండ్ జీ కంబాట్ మెషిన్ వరుస, స్పెక్నా ఆర్మ్స్, సైమా చేసే సాదా మోడళ్లు ఈ అవసరానికి చాలు. టోక్యో మారుయి నాణ్యత గొప్పది, అయితే జపాన్ పరిమితికి తగ్గట్టు చేసినవి కాబట్టి వేగం తక్కువ. ఇండోర్‌కి అది లోపం కూడా కాదు.

మెటల్ బాడీ మోజులో పడకండి. మంచి పాలిమర్ బాడీ తేలిగ్గా, గట్టిగా ఉంటుంది. షాపులో రెండు నిమిషాలు పట్టుకున్నప్పుడు 3 కిలోల గన్ హాయిగానే అనిపిస్తుంది. మధ్యాహ్నం నాలుగో ఆటకి భుజం అసలు సంగతి చెబుతుంది. వీలైతే కొనే ముందు ఎవరిదైనా అడిగి ఒక ఆట ఆడండి. మాస్క్ పెట్టుకుని, చెంప ఆనించి, గురి గీత కనిపిస్తోందో లేదో చూసుకోండి. మాస్క్ లేకుండా షాపులో సరిగ్గా కుదిరిన గన్, మాస్క్ పెట్టాక కుదరకపోవచ్చు.

ఇక మీ స్నైపర్ కోరిక. చూడడానికి దూరం నుంచి ఒక్క దెబ్బతో లేపేయడం గొప్పగా ఉంటుంది. కానీ ఎయిర్‌సాఫ్ట్‌లో దూరం అంతా హాప్-అప్ (బీబీని వెనక్కి తిప్పి పంపే చిన్న రబ్బరు అమరిక), బీబీ బరువు, బారెల్ శుభ్రత వీటి చేతిలో ఉంటుంది, గన్ పొడవు చేతిలో కాదు. డబ్బాలోంచి తీసిన మామూలు బోల్ట్ యాక్షన్ (ప్రతి దెబ్బకూ చేత్తో లాగాల్సిన) స్నైపర్, సరిగ్గా సర్దిన ఏఈజీ కంటే పెద్దగా దూరం కొట్టదు. దాన్ని నిజంగా స్నైపర్‌గా మార్చాలంటే లోపలి బారెల్, హాప్ రబ్బరు, పిస్టన్, ట్రిగ్గర్ భాగాలు, అన్నీ మార్చాలి. చేతి చమురు బాగానే వదులుతుంది. పైగా శక్తి ఎక్కువ అనుమతిస్తారు కాబట్టి కనీస దూరం నిబంధన పెడతారు. అంతకంటే దగ్గరగా వచ్చినవాణ్ణి దానితో కొట్టకూడదు, పక్కన పిస్టల్ ఒకటి ఉండాల్సిందే. అంటే రెండు గన్‌లు. అన్నిటికంటే పెద్ద విషయం, ఆ పాత్రకి కావలసింది కదలకుండా ఓపిగ్గా ఉండడం, మైదానాన్ని చదవడం. అవి ఏఈజీతో సింగిల్ షాట్‌లో ఆడుతూనే వస్తాయి.

ఏఈజీని కూడా సెమీలో, అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలేలా, పెట్టి ఆడడం అలవాటు చేసుకోండి. ఫుల్ ఆటోలో బీబీల వాన కురిపిస్తే ముచ్చటగానే ఉంటుంది, కానీ మీరెక్కడున్నారో అందరికీ తెలిసిపోతుంది, ఎదుటివాడి వీపు మీద అనవసరంగా ఎనిమిది మచ్చలు పడతాయి.

బీబీల దగ్గర పిసినారితనం అస్సలు పనికిరాదు. మంచి బీబీ వ్యాసం 5.95 మి.మీ., నున్నగా పాలిష్ చేసి ఉంటుంది, అతుకు గీత కనిపించదు. మామూలు గన్ లోపలి బారెల్ వ్యాసం 6.03 నుంచి 6.08 మి.మీ. మధ్య ఉంటుంది. మధ్యలో ఉన్న సందు వెంట్రుకవాసి. గుండ్రం సరిగ్గా లేని బీబీ అందులో ఇరుక్కుంటుంది, లేదా వంకరగా ఎగురుతుంది. సంచిలో గన్‌తో ఉచితంగా వచ్చే 0.12 గ్రాముల బీబీలను పక్కన పడేయండి. బొమ్మ గన్‌లకి అవి సరే, ఏఈజీలో అవి పగిలితే లోపల శుభ్రం చేయడం పెద్ద పని. ఒకసారి నేల మీద పడ్డ బీబీని ఏరి మళ్లీ నింపకండి, ఒక్క ఇసుక రేణువు చాలు బారెల్ గీసుకుపోవడానికి.

బరువు విషయానికొస్తే 0.20తో మొదలుపెట్టి వెంటనే 0.25కి మారండి. బయట మైదానంలో 0.28 ఇంకా బాగుంటుంది. బరువైన బీబీ వేగం తక్కువే, 0.20తో 350 చూపించే గన్ 0.25తో సుమారు 313 చూపిస్తుంది. శక్తి మాత్రం అంతే. గాలికి తక్కువ కొట్టుకుపోతుంది, వేగాన్ని ఎక్కువసేపు నిలుపుకుంటుంది, ఆకుల మధ్య నుంచి కాస్త దూసుకుపోతుంది. బయట ఆడే చోట్ల చాలావాటిలో నేలలో కలిసిపోయే బయో బీబీలే వాడాలంటారు, కొనే ముందు అడగండి. వాటిని తేమ తగలకుండా మూసి ఉంచాలి.

దీనికి జంట హాప్-అప్. బారెల్ మొదట్లో ఉండే చిన్న రబ్బరు బీబీని పై నుంచి నొక్కి వెనక్కి తిప్పుతుంది, ఆ గిరగిర తిరగడం వల్ల బీబీకి పైకి లేచే బలం వస్తుంది. క్రికెట్‌లో స్పిన్ బౌలర్ తిప్పిన బంతి గాలిలో పక్కకి జరిగే కారణమే ఇదీ, మాగ్నస్ ప్రభావం. హాప్ సర్దడం రాని వాడి చేతిలో ఎంత ఖరీదైన గన్ అయినా దండగే. పద్ధతి ఇదీ: హాప్ పూర్తిగా తీసేసి, నిలబడి సమాంతరంగా పేల్చండి. బీబీ తొందరగా కిందికి వాలుతుంది. కొంచెం కొంచెం పెంచుతూ, ప్రతిసారీ ఐదారు బీబీలు పేల్చి చూస్తూ వెళ్లండి. చాలా దూరం గీత గీసినట్టు వెళ్లి, చివర్లో మెల్లగా పడాలి. చివర్లో పైకి లేస్తుంటే ఎక్కువైంది, ఒక మెట్టు తగ్గించండి. బీబీ బరువు మార్చిన ప్రతిసారీ ఇది మళ్లీ చేయాలి. ఇలా సర్దుకున్న మామూలు ఏఈజీ 40–50 మీటర్ల దాకా మనిషిని కొట్టగలదు.

బ్యాటరీ. గన్‌తో వచ్చే చవక చార్జర్లు బ్యాటరీ నిండిందో లేదో చూసుకోవు, నిండాక కూడా నింపుతూనే ఉంటాయి. దాన్ని డబ్బాలోనే ఉంచి, బ్యాటరీలోని సెల్‌లన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జర్ ఒకటి కొనండి. మొదటి బ్యాటరీగా 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) చాలు. 11.1 వోల్టులది పెడితే గన్ గట్టిగా పరుగెడుతుంది నిజమే, కానీ లోపల మాస్‌ఫెట్ (కరెంటును ట్రిగ్గర్ కొనల మీద పడనివ్వని ఎలక్ట్రానిక్ స్విచ్) లేకపోతే ట్రిగ్గర్ దగ్గర రాగి కొనలు కాలిపోతాయి, గేర్ల మీదా భారం పెరుగుతుంది. లైపో కొనే ముందు గన్‌లో బ్యాటరీ పట్టే చోటును స్కేలు పెట్టి కొలవండి, ప్లగ్ టామియా రకమా డీన్స్ రకమా చూసుకోండి. ఎక్కువమంది డబ్బు వృథా చేసేది ఇక్కడే.

లైపోతో క్రమశిక్షణ ముఖ్యం. ఒక్కో సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు, 3.0 కంటే కిందికి దిగితే పాడైనట్టే. గన్ నీరసంగా పేలడం మొదలవగానే ఆపేయండి. 1100 ఎంఏహెచ్ బ్యాటరీని 1.1 ఆంపియర్ల దగ్గర చార్జ్ చేయండి, మీరు ఎదురుగా ఉన్నప్పుడే, మంట తట్టుకునే సంచిలో పెట్టి. వాడకుండా ఉంచేటప్పుడు సెల్‌కి 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి, మంచి చార్జర్‌లో స్టోరేజ్ అనే ఎంపిక ఉంటుంది. బ్యాటరీ ఉబ్బితే ఇక వాడకండి, పొడవకండి, బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించండి. ఈ టెన్షన్ వద్దనుకుంటే 8.4 వోల్టుల ఎన్ఐఎంహెచ్ (నికెల్ మెటల్ హైడ్రైడ్) బ్యాటరీ ఉంది. కాస్త మందకొడి, బరువు, కానీ పొరపాట్లను క్షమిస్తుంది.

మ్యాగజైన్ల విషయంలో సంక్షిప్తంగా చెబుతాను. గన్‌తో సాధారణంగా హై-క్యాప్ (ఎక్కువ బీబీలు పట్టే మ్యాగజైన్) ఒకటి వస్తుంది, అడుగున చక్రం తిప్పాలి, నడుస్తుంటే గలగలా మోగుతుంది. వంద పైచిలుకు పట్టే మిడ్-క్యాప్‌లు మూడో నాలుగో, వాటిని నింపే స్పీడ్ లోడర్ ఒకటి కొంటే ఆట రోజు గడిచిపోతుంది. వాటిని పెట్టుకోవడానికి మామూలు బెల్టు, రెండు పౌచ్‌లు చాలు. మొదటి రోజే సైనికుడి వేషం మొత్తం వేసుకురావద్దు, ఆ బరువుతో గంటలో కూలబడతారు.

బూట్లు మాత్రం చీలమండ పైదాకా ఉండాలి, అడుగు పట్టు ఉండాలి. మైదానంలో నేను చూసిన గాయాల్లో బీబీ దెబ్బల కంటే చీలమండ మెలికపడడమే ఎక్కువ. వేళ్ల గణుపులు కప్పే గ్లోవ్స్, పాత పొడవు చేతుల చొక్కా, మోకాళ్లకు ప్యాడ్‌లు. ఒక ఎర్ర గుడ్డ జేబులో పెట్టుకోండి, దెబ్బ తగిలి బయటికి నడిచేటప్పుడు పైకెత్తడానికి. గన్ కొసకు తొడిగే గుడ్డ తొడుగు, బయట తీసుకెళ్లడానికి పూర్తిగా మూసుకునే సంచి, ఈ రెండూ తప్పనిసరి. దారిలో వెళ్లేవాళ్లకు, పోలీసులకు అది బొమ్మని తెలియదు. కారు సీట్లో బయటికి కనిపించేలా కూడా పెట్టకండి.

కొన్న వారానికే "ఏం అప్‌గ్రేడ్ చేయమంటారు?" అని అడుగుతారు, ఇది ఖాయం. ఏమీ చేయకండి. బారెల్‌ని రాడ్‌కి గుడ్డ చుట్టి తుడవండి, తుడిచే ముందు హాప్‌ను సున్నాకి తెచ్చుకోండి. అవసరమైతే ఆ గుడ్డ మీద ఒక్క చుక్క సిలికాన్ ఆయిల్. పెట్రోలియం నూనెలు, ఇంట్లో తుప్పుకి కొట్టే స్ప్రేలు రబ్బరును తినేస్తాయి. కొన్ని నెలలు ఆడాక దూరం సరిపోవట్లేదనిపిస్తే మొదట మార్చాల్సింది హాప్ రబ్బరు, ఖరీదైన బారెల్ కాదు.

ఇక ఆ పాత స్నైపర్. బేరం బాగుందని కొనేయాలనిపిస్తే, కనీసం ఇవి చూడండి. అమ్మేవాళ్ల సమక్షంలోనే క్రోనోగ్రాఫ్ (బీబీ వేగం కొలిచే పరికరం) మీద ఐదారు సార్లు పేల్చండి, అంకెల మధ్య తేడా పదీ పదిహేను ఎఫ్‌పీఎస్ దాటుతుంటే లోపల గాలి లీకవుతోంది. బోల్ట్ లాగేటప్పుడు కరకరమంటే, లేదా ట్రిగ్గర్ నొక్కకుండానే పేలితే ట్రిగ్గర్ భాగాలు అరిగిపోయాయి. బారెల్‌ని వెలుతురుకి పెట్టి లోపల గీతలు చూడండి. లోపల ఏవైనా మార్చారా, ఏ కంపెనీవి, పాత భాగాలు ఉన్నాయా అని అడగండి. జవాబు తడబడితే వదిలేయండి. ఇన్నీ సరిగ్గా ఉండి, మైదానం పరిమితిలోనే పేలుతూ, మీ దగ్గర గాగుల్స్, బూట్లు, ఏఈజీ కొన్నాక ఇంకా డబ్బు మిగిలితే తీసుకోండి. వాటిలో ఒక్కటి కొనలేని పరిస్థితి వచ్చేట్టుంటే మాత్రం వాళ్లకు ఇప్పుడే వద్దని చెప్పేయండి, ఇంకెవరికైనా అమ్ముకుంటారు.